బోర్డు రాసే ముందు తెలుగు అక్షరం ఒళ్ళు చూడటం ఎలా?

నేను రాసిన మొదటి బోర్డులో చిత్తూరుకు కాళ్ళు లేవు.

అది టిఫిను బండికి కట్టే రేకు. పై వరుసలో బండి పేరు, కింది వరుసలో యజమాని సొంత ఊరి పేరు. అక్షరం ఎత్తు కొలిచాను, పైన గుడికి చోటు వదిలాను, సుద్దదారం కొట్టాను. కింద మాత్రం ఏమీ వదల్లేదు. తీరా రాసేటప్పుడు ‘త్తూ’లోని త వత్తు ఎర్ర బార్డరులోకి దిగి అందులోనే కలిసిపోయింది. ఆయన వచ్చి చూసి, కోప్పడకుండా, “అన్నా, మా ఊరి కాళ్ళు తెగిపోయిండాయే” అన్నాడు. రేకంతా తుడిచి మళ్ళీ రాశాను.

ఇప్పుడు రేకు పోయి ఫ్లెక్సు వచ్చింది, బ్రష్షు పోయి మౌసు వచ్చింది. తెగే కాళ్ళు మాత్రం అలాగే తెగుతున్నాయి. మా తిరుపతి గాంధీ రోడ్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఇలాంటివి మీకే నాలుగైదు కనబడతాయి. అందుకే డిజైను మొదలుపెట్టే ముందు అక్షరానికి ఏ భాగం ఎక్కడుంటుందో ఒక పూట కూర్చుని చూసుకోండి. ఒక పెన్సిలు, స్కేలు, నాలుగైదు బటర్ పేపర్లు చాలు. నమూనాకి మూడు ఊళ్ళ పేర్లు తీసుకుందాం: తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి. ఈ మూడూ రాయడం వస్తే తెలుగు అక్షరంతో వచ్చే పేచీలు చాలావరకు తెలిసినట్టే.

ముందు గీతలు

చిన్నప్పుడు ఇంగ్లీషుకు నాలుగు గీతల కాపీ కొనిచ్చేవారు, గుర్తుందా? చిన్నబడి ఎ, సి, ఎక్స్ లాంటివి మధ్య రెండు గీతల్లోనే ఇమిడిపోతాయి. బి, డి, హెచ్ పైకి లేస్తాయి. జి, పి, వై కిందికి వేలాడతాయి. అక్షరాలన్నీ నిలబడే గీతను బేస్‌లైన్ అంటారు. మధ్య భాగం ఎత్తుకి ఎక్స్-హైట్ అని పేరు, చిన్నబడి ఎక్స్ అక్షరం ఎత్తే దానికి కొలత. పైకి లేచిన ముక్క అసెండర్, కిందికి దిగింది డిసెండర్.

తెలుగుకీ ఇవే నాలుగు గీతలు గీయండి. అయితే లెక్క వేరు. ఇంగ్లీషులో కొన్ని అక్షరాలే పైకీ కిందికీ పోతాయి. తెలుగులో ఏ అక్షరమైనా పోవచ్చు, అది పక్కన చేరే గుణింతాన్ని బట్టి, కింద చేరే వత్తుని బట్టి ఉంటుంది. అందుకే నేను దీన్ని మూడంతస్తుల మిద్దె అనుకుంటాను. మధ్య అంతస్తులో అక్షరం ఒళ్ళు. పై అంతస్తులో తలకట్టు, గుడి, ఎత్వం. కింది అంతస్తులో వత్తులు.

బోర్డుకైతే నేను పెట్టుకునే కొలత ఇది: ఒళ్ళు 10 సెంటీమీటర్లయితే పైన 5, కింద 7 వదులుతాను. ఇది శాస్త్రం కాదు, చేతి అలవాటు. ఫాంటు మారితే ఈ అంకెలూ మారతాయి. కింది అంతస్తు పైదానికంటే పెద్దదని మాత్రం మర్చిపోకండి. నేను రేకు తుడిచింది అది తెలియకే.

తిరుపతి: తల చూడండి

రైల్వే స్టేషన్ పసుపు బోర్డు ఫోటో తీసుకోండి, దాని మీద బటర్ పేపరు పెట్టి ‘తిరుపతి’ని దిద్దండి. నాలుగే అక్షరాలు. వత్తు ఒక్కటీ లేదు కాబట్టి కింది అంతస్తు ఖాళీ. మొదటి పాఠానికి ఇంతకంటే మంచి మాట దొరకదు.

‘రు’ మీదా ‘ప’ మీదా టిక్కు పెట్టినట్టు ఉన్నదే తలకట్టు. రెండు ‘తి’ల మీదా అది లేదు, అక్కడ గుడి కూర్చుంది. త కి తలకట్టు ఉన్నా, గుడి రాగానే అది లేచి చోటిస్తుంది. దీర్ఘం వచ్చినా, ఎత్వం వచ్చినా, పొల్లు వచ్చినా అంతే. కొమ్ము మాత్రం కుడిపక్క చేరుతుంది కాబట్టి తలకట్టు జోలికి పోదు. అందుకే ‘రు’లో రెండూ ఉన్నాయి. బ, ల, జ, ణ, ఖ లాంటి వాటికి అసలు తలకట్టే ఉండదు. వాటికి పొరపాటున తగిలించిన బోర్డులూ చూశాను.

ఇప్పుడు ‘ప’ దగ్గర ఆగండి. పెన్సిలు మొన దాని మీద పెట్టి నెమ్మదిగా నడపండి. ఒళ్ళు ఒక దొన్నెలా పైకి తెరుచుకుని ఉంటుంది. తలకట్టు ఆ దొన్నె మీద, చాలా ఫాంట్లలో ఒంటికి తగలకుండా, కాస్త ఎడంగా నిలబడుతుంది. ఘ, ఫ, ష, స, హ లకీ ఇదే తీరు. ఆ సందు మూశారా, ప కాస్తా వ వైపు జారిపోతుంది. బొద్దు ఫాంటులో, చిన్న సైజులో, ఇంకు పాకే కాగితం మీద ఆ సందు తనంతట తనే మూసుకుపోతుంది. విజిటింగ్ కార్డు మీద ‘పని’ని ‘వని’గా చదివించేది ఆ అర మిల్లీమీటరే.

కొమ్ము సంగతి కూడా ఇక్కడే చూసేయండి. ఒక కాగితం మీద ‘మ’, ‘వు’ పక్కపక్కన రాయండి. వ కి కుడివైపు మామూలుగా కొమ్ము తగిలిస్తే అది మ అయి కూర్చుంటుంది. అందుకని ‘వు’లో కొమ్ము కిందికి దిగి, అడుగు నుంచి మొదలై పక్కకు లేస్తుంది. ‘పు’కీ అంతే. లేకపోతే అది హ లోకో ఘ లోకో పోతుంది. కొమ్మును ఒకసారి గీసి అన్ని అక్షరాలకూ కాపీ, పేస్టు చేసేవాళ్ళు దొరికిపోయేది ఇక్కడే. ‘ఆవు పాలు’ అని రాయబోయి ‘ఆమ పాలు’ రాసిన పాల బూత్ బోర్డు నా కళ్ళారా చూశాను. రాసింది నేను కాదు, ఈసారి.

కడుపు కొలవండి

అక్షరంలో గీత ఎంత ముఖ్యమో, గీత చుట్టి వదిలిన ఖాళీ అంత ముఖ్యం. దాన్ని టైపు పనిలో కౌంటర్ అంటారు. నేను కడుపు అంటాను. ర లో ఒక కడుపు. దాని మధ్య చుక్క పెడితే ఠ. ద కి కింద ఒత్తు గీత పెడితే ధ, దాని కడుపులో చుక్క కూడా పెడితే థ.

మన బోర్డుల్లో ‘కథ’ ‘కధ’గా మారడానికి రాసేవాళ్ళకు తెలియకపోవడం ఒక కారణం. రెండోది, తెలిసి రాసినా చుక్క కనబడకపోవడం. ‘రథం’ అని మీ ఫాంటులో టైపు చేసి సైజు తగ్గిస్తూ పోండి. ఒక చోట చుక్క గోడకు అంటుకుంటుంది, ఇంకొంచెం తగ్గిస్తే కడుపే నిండిపోయి నల్ల ముద్ద అవుతుంది. చుక్క అంటుకున్న ఆ సైజే మీ ఫాంటుకు హద్దు. ఆ అంకె కాగితం మీద రాసిపెట్టుకోండి, అంతకంటే చిన్నగా వాడకండి. పెళ్ళిపత్రికల్లో చిరునామా భాగం చదవలేకపోతున్నామంటే సగం తప్పు ఇదే.

బొద్దు ఫాంటు ఎంచుకునేటప్పుడు కూడా కడుపే చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే వాటిలో రామభద్ర బాగా బొద్దు. షాపు పేరుకి, హెడ్డింగుకి నిండుగా ఉంటుంది. దాంతోనే పేరా అంతా పోస్తే మాత్రం కళ్ళు లాగేస్తాయి. చదివే మ్యాటరుకి మండలి లాంటిది తీసుకోండి. ఒకే ఫాంటులో సన్నం నుంచి బొద్దు వరకూ కావాలంటే అనేక్ తెలుగు ఉంది.

గీత ఏ పనిముట్టుతో వచ్చింది?

తెలుగు అక్షరం గుండ్రంగా ఉండటానికి తాటాకు కారణమని చెబుతారు. గంటం మొనతో తిన్నటి అడ్డగీత గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుంది, గుండ్రం అయితే చీలదు. మనకు దగ్గర్లోనే ఇంకో పనిముట్టు ఉంది. గుడ్డ మీద బొమ్మలు వేసే శ్రీకాళహస్తి కలంకారీ కలం. వెదురు పుల్లను మొన తేల్చి, కాస్త పైన ఊలో గుడ్డో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టు రంగును పీల్చి పట్టుకుంటుంది, వేళ్ళతో నొక్కితే మొన దాకా దిగుతుంది. బొమ్మల మధ్య రాసే తెలుగు మాటలూ ఆ కలంతోనే. అందుకే అక్కడ అక్షరం గీత మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే మందంలో ఉంటుంది. అన్నమయ్య కీర్తనలున్న తాళ్ళపాక వారి రాగిరేకుల మీద అక్షరాలది ఇంకో తీరు, అవి లోహంలో చెక్కినవి.

చదును బ్రష్షుతో రాస్తే మాత్రం గీత మారుతుంది. బ్రష్షును ఒకే వాలులో పట్టుకుని సున్న చుట్టండి. కొన్నిచోట్ల లావు, కొన్నిచోట్ల సన్నం వస్తుంది. ఈ లావు సన్నాల తేడాని కాంట్రాస్ట్ అంటారు. తేడా ఎక్కువున్న ఫాంటు పుస్తకంలో అందంగా ఉంటుంది. బైపాస్ రోడ్డు పక్కన పెట్టే బోర్డులో సన్నని చోట్లు దూరానికి మాయమైపోయి అక్షరం ముక్కలుగా కనబడుతుంది. రోడ్డు బోర్డుకి ఒకే మందం గీతే మేలు, నా మాట వినండి.

ఇంగ్లీషు అక్షరాల చివర్లలో చిన్న పాదాల్లా ఉండేవి సెరిఫ్‌లు. తలకట్టుని కొందరు తెలుగు సెరిఫ్ అంటుంటారు. నేను ఒప్పుకోను. సెరిఫ్ తీసేసినా ఇంగ్లీషు అక్షరం అదే అక్షరం. క తలకట్టు తీసేస్తే అది క కాదు, గుణింతం కోసం ఎదురుచూస్తున్న మొండెం.

ఇంకో చిన్న కిటుకు. గుండ్రటి అక్షరాన్ని గీతల మధ్య సరిగ్గా ఇరికిస్తే పక్కనున్న పలక అక్షరం కంటే చిన్నగా అనిపిస్తుంది, అది కంటి మాయ. అందుకని గుండ్రాన్ని గీత మీద కొంచెం పొర్లనివ్వాలి. 10 సెంటీమీటర్ల అక్షరానికి పైనా కిందా 2 మిల్లీమీటర్లు చాలు. దీన్ని ఓవర్‌షూట్ అంటారు. తెలుగులో దాదాపు అన్నీ గుండ్రాలే కనుక, ఇంగ్లీషు పక్కన పెట్టినప్పుడే ఇది బయటపడుతుంది.

చిత్తూరు: కాళ్ళ లెక్క

ఇప్పుడు నన్ను ముంచిన మాటకు వద్దాం. చి, త్తూ, రు. నోటికి మూడే. కంప్యూటరుకు మాత్రం ఎనిమిది: చ, గుడి, త, పొల్లు, మళ్ళీ త, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము. మీరు వరసగా ఎనిమిది మీటలు కొడితే ఫాంటు వాటిని కూర్చి మూడు ఆకారాలు చేస్తుంది.

మధ్యలోని ‘త్తూ’ని విడదీసి గీయండి. మధ్య అంతస్తులో త ఒళ్ళు, కింద త వత్తు, కుడివైపు కొమ్ము దీర్ఘం. వత్తు చూడటానికి త లా ఉండదు. త, న, మ, య, ర, ల వత్తులకు సొంత రూపాలున్నాయి. గ, ద, డ లాంటి వాటికి తలకట్టు తీసేసిన అసలు అక్షరమే చిన్నదై కిందికి చేరుతుంది. చిన్నదైనప్పుడు గీత మందం కూడా తగ్గుతుంది కదా, అక్కడ జాగ్రత్త. వత్తునీ అక్షరాన్నీ ఒకే మందంలో ఉంచాలంటే వత్తును విడిగా దిద్దాలి, ఉత్తినే స్కేల్ చేస్తే నీరసంగా కనబడుతుంది. మంచి ఫాంటుకీ మామూలు ఫాంటుకీ తేడా నేను ముందు ఇక్కడే వెతుకుతాను.

తర్వాత ‘చిత్తూరు’ కిందనే ‘తిరుపతి’ రాసి చూడండి. పై వరుస త వత్తు, కింది వరుస గుడి కొట్టుకుంటున్నాయా? కొట్టుకుంటే వరుసల మధ్య ఎడం, అంటే ఒక బేస్‌లైన్ నుంచి తర్వాతి బేస్‌లైన్‌కి ఉన్న దూరం, పెంచండి. ఇంగ్లీషుకు అక్షరం సైజుకి ఒకటింబావు ఎడం సరిపోతుంది. తెలుగుకి నేను ఒకటిన్నరకు తగ్గను. పాటలు, శ్లోకాలు లాంటివైతే ఇంకా ఎక్కువే.

సైజు గురించి ఒక మాట. అంగుళానికి 72 పాయింట్లు. 36 పాయింట్లు పెడితే అక్షరం అర అంగుళం వస్తుందనుకోకండి. ఆ కొలత అక్షరానిది కాదు, అది కూర్చున్న పెట్టెది. సీసం అచ్చుల కాలంలో అక్షరం పోతపోసిన దిమ్మె ఎత్తుని పాయింట్లలో చెప్పేవారు, అదే అలవాటు కంప్యూటర్లోకీ వచ్చింది. అందుకే ఒకే 36లో ఒక ఫాంటు పెద్దగా, ఇంకొకటి చిన్నగా కనబడుతుంది. ఎప్పుడూ ప్రింటు తీసి స్కేలు పెట్టి కొలవండి.

శ్రీకాళహస్తి: పక్కల లెక్క

ఇందులో ‘శ్రీ’ ఒక్కటే మూడంతస్తులూ ఎక్కేస్తుంది. పైన గుడి దీర్ఘం, కింద క్రావడి, అంటే ర వత్తు. ఈ క్రావడి బుద్ధిగా అడుగున కూర్చోదు, ఎడమవైపు కిందుగా వచ్చి అక్షరాన్ని పట్టుకుంటుంది. బోర్డు మొదటి అక్షరం శ్రీ అయితే ఎడమ మార్జిను దాని ఒంటి నుంచి కాదు, క్రావడి అంచు నుంచి కొలవండి. మన ఊళ్ళో సగం షాపులు శ్రీతోనే మొదలవుతాయి, కాబట్టి ఇది రోజూ పనికొచ్చే లెక్క.

అక్షరాల మధ్య ఎడం స్కేలుతో సమానంగా పెడితే సమానంగా కనబడదు. ‘కా’కీ ‘ళ’కీ మధ్య ఎంత ఖాళీ, ‘హ’కీ ‘స్తి’కీ మధ్య ఎంత ఖాళీ అని కళ్ళు సగం మూసి చూడండి. తెల్లటి ఖాళీలు ఒకే రంగుగా పరుచుకుంటే సరిపోయినట్టు. ఒక చోట తెల్ల మచ్చ కనబడితే అక్కడ దగ్గరికి జరపండి.

నాలుగు భాషల బోర్డు

తిరుపతిలో ఇది తప్పదు. తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు, ఒక్కోసారి కన్నడం. హిందీ అక్షరాలు పైనున్న శిరోరేఖ నుంచి వేలాడతాయి. తెలుగు, ఇంగ్లీషు కింది గీత మీద నిలబడతాయి. తమిళంలో పలక మూలలు ఎక్కువ, వత్తులు కిందికి దిగే బాధ లేదు కనుక అది తక్కువ చోటులో పెద్దగా కనబడుతుంది. అన్నిటికీ ఒకే పాయింట్లు ఇచ్చి వదిలేస్తే తెలుగు నలిగినట్టు ఉంటుంది. మధ్య అంతస్తులు కంటికి సమానంగా ఉండేలా ఒక్కో భాష సైజు విడిగా మార్చండి. తెలుగు ఒంటిని ఇంగ్లీషు చిన్నబడి కంటే కాస్త పెద్దగా, పెద్దబడి కంటే కాస్త చిన్నగా ఉంచితే నాకు సరిపోయింది.

ఎంత దూరానికి ఎంత ఎత్తు? సైన్‌బోర్డుల వాళ్ళది పాత లెక్క ఒకటుంది: 10 అడుగులకు అంగుళం. అది ఇంగ్లీషు పెద్దబడికి చెప్పింది. తెలుగులో చుక్కలు, ఒత్తులు ఉన్నాయి కనుక అంతకంటే పెద్దగానే వేయండి.

ఫ్లెక్సుకి పంపే ముందు

యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో టైపు చేసే తెలుగు, పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే వత్తులు విడిపోయి ‘చిత్‌తూరు’లా వస్తుంది. ఫోటోషాప్‌లో అయితే టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి. డీటీపీ వాళ్ళు వాడే, యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన పనిది వేరే గొడవ. అక్కడ తెలుగు ముక్కలు ఇంగ్లీషు మీటల చోట్లో కూర్చుంటాయి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. ఏ ఫాంటైనా, ప్రింటుకి ఇచ్చే ముందు అక్షరాలను అవుట్‌లైన్‌గా, అంటే ఫాంటుతో పనిలేని ఉత్త ఆకారాలుగా, మార్చి పంపండి. మార్చక ముందు కాపీ ఒకటి దాచుకోండి, తప్పు దిద్దాల్సి వస్తుంది.

తర్వాత ప్రింటు ఒకటి తీసి గోడకు అంటించండి. వీధి దాటి అవతలి వైపు నుంచి చూడండి. తలకిందులుగా తిప్పి కూడా చూడండి, అప్పుడు మాట కనబడదు, ఆకారాలే కనబడతాయి. ఏ కడుపు నిండిపోయిందో, ఏ వత్తు బార్డరుకి తగిలిందో ఇట్టే తెలుస్తుంది. చివరగా ఇంట్లో కళ్ళజోడు మర్చిపోయిన పెద్దాయన్ని ఎవరినైనా పిలిచి చదివించండి. ఆయన ఆగిన అక్షరం దగ్గర పెన్సిలుతో సున్న చుట్టి, మళ్ళీ బటర్ పేపరు తీయండి.